మూడో కాపీ

ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది. కట్టడాలతో సంబంధం ఉన్నవాళ్ళెవరూ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. అందరికీ ఆవిడ కాగితం మేడం. ఎదురుగా ఉన్నప్పుడు మేడం, వీపు తిప్పగానే కాగితం. వృత్తి స్ట్రక్చరల్ ఇంజనీరు. అంటే భవనం అందంగా ఉందా లేదా అని చూసే పని వేరేవాళ్ళది, అది నిలబడుతుందా లేదా అని చూసే పని ఈవిడది. అందాన్ని మెచ్చుకోవడానికి వందమంది వస్తారు. కూలనందుకు మెచ్చుకున్నవాడు ఈ భూమ్మీద ఇంతవరకు పుట్టలేదు.

ఆవిడ భుజాన వేలాడే సంచీలో ఎప్పుడూ ఒక మూడు కాపీల పుస్తకం ఉండేది. మధ్యలో కార్బన్ కాగితాలు పెట్టి, బాల్‌పెన్ను గట్టిగా నొక్కి రాస్తే ఒక మాట మూడుచోట్ల పడుతుంది. తెల్ల కాగితం కాంట్రాక్టరుకు, గులాబీ కాగితం మేస్త్రికి, పసుపు కాగితం పుస్తకంలోనే. సైట్‌లో కాలు పెట్టడం ఆలస్యం, రాత మొదలయ్యేది. 'ఇసుకలో మట్టి ఎక్కువగా ఉంది. ఉదయం తొమ్మిదీ పది.' 'రెండో అంతస్తులో ఇద్దరు హెల్మెట్ పెట్టుకోలేదు. మూడోవాడు పెట్టుకోవలసిన హెల్మెట్‌లో మేకులు పోసుకున్నాడు.' కింద తేదీ, సంతకం, చదివామని అవతలివాళ్ళ సంతకం. కాంట్రాక్టర్లు సంతకం పెట్టేసి ఆ తెల్ల కాగితాన్ని దేనికి వాడేవారో చెప్పడం మర్యాద కాదు.

ఈ జబ్బు కాలేజీలో అంటుకుంది. అప్పట్లో వారానికి ఒక పీరియడ్ చట్టం గురించి ఉండేది, అదీ మధ్యాహ్న భోజనం తర్వాత. క్లాసంతా హాయిగా గుర్రు పెట్టేది. పాఠం చెప్పడానికి వచ్చే ముసలి వకీలు కూడా ఒక్కోసారి కునికేవాడు. మేలుకుని ఉన్నది ఈవిడ ఒక్కతే. "ఇంజనీరు తప్పు చేయకూడదని చట్టం అనదు," అనేవాడాయన. "నీ స్థానంలో మామూలు బుద్ధి ఉన్న ఇంకో ఇంజనీరు ఉంటే ఎంత జాగ్రత్తపడేవాడో అంత పడ్డావా అని అడుగుతుంది. నీకు ఫీజు ఇచ్చినవాడికే కాదు, ఆ స్లాబు మీద నిలబడే ప్రతివాడికీ నువ్వు జవాబు చెప్పుకోవాలి. కంపెనీ బోర్డు వెనక దాక్కుంటానంటే కుదరదు, డ్రాయింగు మీద సంతకం నీది కాబట్టి తల కూడా నీదే. ఇంతా చేసి, నువ్వు జాగ్రత్తపడ్డావని రుజువేదమ్మా?" మొదటి మూడు మాటలూ అందరికీ పనికొచ్చేవే. ఈవిడ మాత్రం చివరి ప్రశ్నను పట్టుకుని ఇరవై రెండేళ్ళు వదల్లేదు.

ఇంట్లో కూడా అదే వరస. ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి ఉండేది: 'వంటింటి కుళాయి కారుతున్న సంగతి మూడో తేదీన నోటితో చెప్పాను. ఈ రోజు రాసి ఇస్తున్నాను.' దాని కింద భర్త 'అందింది' అని రాసి సంతకం పెట్టేవాడు. కుళాయి కారుతూనే ఉండేది. ఆయన పళ్ళ డాక్టరు, నెమ్మదస్తుడు.

"నేను పొరపాటున ఒక మంచి పన్ను పీకాననుకో, మనిషికి ఇంకో ముప్పై ఒకటి ఉంటాయి," అనేవాడు. "నీకు ఆ వెసులుబాటు లేదు. రాసుకో తల్లీ, రాసుకో."

ఇరవై రెండేళ్ళూ ఏ గొడవా లేకుండా గడిచాయి. తర్వాత కంటి ఆసుపత్రి బాల్కనీ వచ్చి నెత్తిన పడింది. నిజంగా పడలేదు, పడబోయింది.

ఆ బాల్కనీ మొదటి అంతస్తులో ఉంది. ఆపరేషన్ అయినవాళ్ళను కళ్ళకు కట్లు కట్టి, గాలి తగులుతుందని అక్కడ వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టేవారు. ఒక వైపే గోడలోకి దిగి, మిగతా మూడు వైపులా గాలిలో ఉండే స్లాబు అది. మామూలు గది స్లాబులో ఇనుప కడ్డీలు అడుగుభాగంలో ఉంటాయి. బాల్కనీకి మాత్రం పైభాగంలో ఉండాలి, ఎందుకంటే అది గోడ దగ్గర పైనుంచి చీలుతుంది. ఇంజనీరింగ్‌లో ఇది అక్షరాభ్యాసం లాంటిది. కాగితం మేడం గీసిన డ్రాయింగులో కడ్డీలు పైనే ఉన్నాయి, పక్కన ఎర్ర ఇంకుతో 'పైనే' అని రాసి కూడా ఉంది.

ఆసుపత్రి తెరిచిన పదకొండో నెలలో, నేల తుడిచే ఆవిడ ఒక సంగతి కనిపెట్టింది. బాల్కనీలో నీళ్ళు గోడవైపున్న తూముకు పోవడం మానేసి బయటి అంచుకు పోతున్నాయి. ఆ మాట నర్సుకు చెప్పింది, మేనేజరుకు చెప్పింది. పెద్ద చదువులు చదివినవాళ్ళు కదా, ఇద్దరూ నవ్వారు. నాలుగో రోజు ఆవిడ ఓ ఖాళీ మందుసీసా తెచ్చి డాక్టరుగారి కళ్ళముందే నేలమీద పడుకోబెట్టింది. సీసా దొర్లుకుంటూ వెళ్ళి కటకటాలకు తగిలింది. గోడ వెంబడి చూస్తే గోరు దూరేంత పగులు. కుర్చీల్లో ఉన్న పదిమందినీ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, తలుపుకు తాళం వేశారు. ఎవరికీ గీత కూడా పడలేదు. ఎక్కడ కూర్చుని వచ్చారో ఆ కట్లు కట్టుకున్నవాళ్ళకు ఇప్పటికీ తెలియదు.

పగలగొట్టి చూస్తే కడ్డీలు గోడ దగ్గర, తూము గొట్టం కిందనుంచి పోయి ఉన్నాయి. పైన ఉండవలసినవి స్లాబు మధ్యకు దిగిపోయాయి. స్లాబు బలం సగానికి పైగా పోయినట్టే.

కాంట్రాక్టరు ఒక్క క్షణం ఆలోచించకుండా మేస్త్రి వైపు వేలు చూపించాడు. మేస్త్రి అరవైకి దగ్గర పడ్డ మనిషి, ముప్పై నాలుగేళ్ళుగా ఇదే పని. అతను చెప్పింది ఒకటే మాట: "గొట్టం అడ్డమొచ్చిందండి. కడ్డీలు దాని కిందనుంచి పోనివ్వొచ్చా అని మేడంగారిని అడిగాను. సరే అన్నారు. గులాబీ కాగితం కూడా ఇచ్చారు. జేబులో పెట్టుకుంటే మా ఆవిడ చొక్కాతో పాటు ఉతికేసింది."

ఆ మాటకు నవ్వనివాడు లేడు. కాగితం మేడం, కడ్డీలు కిందికి దించమని రాసివ్వడమా అన్నారు. కాంట్రాక్టరు దగ్గర తెల్ల కాగితం ఉండాలి కదా అని ఎవరో అడిగారు. ఆవిడ కాగితాలను మొదటి రోజు నుంచీ చదవకుండా చెత్తబుట్టలో వేస్తున్నానని అతను చెప్పుకోలేడు గనక, "అలాంటిదేం లేదండి," అనేశాడు. విచారణకు వచ్చిన అధికారి నేరుగా ఆవిడను అడిగాడు.

"నేను అలా అనను," అంది ఆవిడ, అందరిముందూ, మేస్త్రి మొహంలోకి చూస్తూ. "అంటే రాస్తాను. రాస్తే నా దగ్గర ఉంటుంది. అతను అబద్ధం చెబుతున్నాడు."

మేస్త్రి తల దించుకున్నాడు. ఆ వారంలోనే సైట్లలో పనికి రానిచ్చే అతని కార్డు నిలిపేశారు, కాంట్రాక్టరు మిగతా సైట్లనుంచి కూడా పంపేశాడు. ఇంజనీర్ల మండలి విచారణ జరిపి తప్పు అతనిదేనని తేలిస్తే, ఆ తర్వాత పోలీసు కేసు.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ అలమరలోంచి స్లాబు పోసిన నెల పుస్తకం తీసింది. భయపడి కాదు సుమా, మేస్త్రి అబద్ధాన్ని తేదీతో సహా చూపిద్దామని. స్లాబు పోసిన రోజుకు పసుపు కాగితాలు ఏడు ఉన్నాయి. మొదటి ఆరింటిలోనూ హెల్మెట్లు, నిచ్చెన మెట్టు విరగడం, కాంక్రీటు కలిపే మిల్లరు ఆలస్యంగా రావడం, కాంట్రాక్టరు దురుసుగా మాట్లాడటం. ఏడోది ఆవిడ దస్తూరీలోనే, గుండ్రంగా, శుభ్రంగా: 'తూము గొట్టం అడ్డం వచ్చిన చోట కడ్డీలు దాని కిందుగా పోనివ్వవచ్చు. పదకొండూ నలభై.' కింద ఆవిడ సంతకం. పక్కన మేస్త్రి వంకర సంతకం.

ఆవిడ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. రాసినట్టు ఇసుమంత కూడా గుర్తులేదు. గుర్తున్నదల్లా ఆరో కాగితం. కాంట్రాక్టరు తనను 'నసుగుడు మనిషి' అన్నాడని ఒళ్ళు మండిపోయి, ఆ మాటను కొటేషన్లలో పెట్టి రాయడం బాగా గుర్తుంది. ఏడోది ఆ వేడిమీదే, తల ఎత్తకుండా రాసినట్టుంది. కాలేజీ పిల్లలు చేసినా మార్కులు తెగ్గోసే తప్పు.

"ఏమండీ," అంది లోపలికి వెళ్ళి. "అతను చెప్పింది నిజం."

భర్త కాగితం చదివాడు. ఎప్పుడూ వేసే జోకు ఈసారి వేయలేదు.

"ఇది ఇంకెవరి దగ్గరైనా ఉందా?"

"లేదు. ఒకటి చెత్తబుట్టలో పోయుంటుంది, ఒకటి ఉతుకులో పోయింది. మిగిలింది ఇదే."

"నాకు భయంగా ఉంది," అన్నాడాయన.

ఆవిడకు అంతకంటే ఎక్కువ భయంగా ఉంది. సంతకం పెట్టే హక్కు పోతే తను ఎవరో తనకే తెలియదు. కానీ ఆ భయం కింద ఇంకోటి ఉంది. నలుగురిలో ఆ మనిషిని అబద్ధాలకోరు అంది. అదీ అతని మొహంలోకి చూస్తూ. సిగ్గుతో ఆవిడకు ఆ సాయంత్రం ముద్ద దిగలేదు.

మర్నాడు బీమా కంపెనీ పెట్టిన వకీలు ఆఫీసుకు వెళ్ళింది. ఇంజనీర్లకు ఇలాంటి రోజుల కోసమే ఒక పాలసీ ఉంటుంది. వకీలు నున్నగా దువ్వుకున్న జుట్టుతో, నున్నటి మాటలతో ఉండే మనిషి. కాగితాన్ని వేళ్ళ కొసలతో పట్టుకుని చదివి, టేబుల్ మీద బోర్లా పెట్టాడు.

"మేడం, దీన్ని చింపమని నేను అనను. చింపితే అది వేరే నేరం. మండలి మిమ్మల్ని డ్రాయింగులు, లెక్కలు అడిగింది. పుస్తకం అడగలేదు. అడగనిది అలమరలో ఉండనివ్వండి."

"మార్పుకు ఒప్పుకున్నారా అని అడిగితే?"

"మీకు గుర్తుందా?"

"నిజంగా గుర్తులేదండి."

"అయితే గుర్తులేదని చెప్పండి. అది అబద్ధం కూడా కాదు. ఇంత శుభ్రమైన కేసు నా సర్వీసులో చూడలేదు." ఆయన పాలసీ పుస్తకం తెరిచి ఒకచోట వేలు పెట్టాడు. "ఇంకో సంగతి. కంపెనీని అడక్కుండా మీరు తప్పు ఒప్పుకోకూడదు. ఐదో షరతు. ఒప్పుకుంటే మీకు అండగా నిలబడాల్సిన పని వాళ్ళకు ఉండదు."

"అంటే నిజం చెప్పాలంటే పర్మిషన్ కావాలా?"

"నిజం చెప్పొద్దని ఎవరన్నారు మేడం? ఒప్పుకోవద్దు అన్నాను." ఆ రెంటికీ తేడా ఉన్నట్టు ఆయన చాలా గంభీరంగా చూశాడు. ఆయన వృత్తిలో నిజంగానే ఉంది.

విచారణ రోజు మండలి హాల్లో పొడుగాటి బల్ల, బల్లకు అటువైపు ముగ్గురు ఇంజనీర్లు, ఇటువైపు వరస కుర్చీలు. ఫ్యాను ఒకటి తిరుగుతూ టకటకమంటోంది. అన్ని భవనాలకూ మంచిచెడ్డలు చెప్పేవాళ్ళు తమ ఫ్యాను మాత్రం బిగించుకోలేదు. మేస్త్రి గోడవార చివరి కుర్చీలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఆవిడ వైపు చూడలేదు. ఆవిడ సంచీలో పుస్తకం ఉంది. ఎందుకు తెచ్చిందో బయల్దేరేటప్పుడు ఆవిడకే తెలియదు.

మధ్యలో కూర్చున్న పెద్దాయన అధ్యక్షుడు. డ్రాయింగు తిరగేసి, మెచ్చుకుని, కళ్ళద్దాలు తీశాడు.

"డ్రాయింగులో వంకపెట్టడానికేం లేదు. సైట్‌లో ఏదైనా మార్పుకు మీరు ఒప్పుకున్నారా మేడం?"

"నాకు గుర్తులేదు," అంది.

పక్కన వకీలు ఊపిరి వదిలాడు. అధ్యక్షుడు రాసుకోవడానికి పెన్ను తీశాడు. చివరి కుర్చీలో మేస్త్రి తన అరచేతులు చూసుకుంటున్నాడు, పని లేక నెలరోజులైన చేతులు.

"నాకు గుర్తులేదుగానీ, నా పుస్తకంలో ఉంది," అని సంచీలోంచి తీసి బల్లమీద పెట్టింది. "మేస్త్రి చెప్పింది నిజం. నేనే అతన్ని అబద్ధం చెబుతున్నాడన్నాను. ఆ మాట తప్పు."

వకీలు లేచి నిలబడి, ఇది పత్రం చూపించడమే తప్ప తప్పు ఒప్పుకోవడం కాదని, ఈ రెంటికీ చట్టంలో నేలకూ నింగికీ ఉన్నంత దూరం ఉందని పది నిమిషాలు ధారాళంగా వాదించాడు. మాట వినని క్లయింటు మీద మండిపోతూ కూడా అంత బాగా వాదించాడంటే, పని తెలిసినవాడే. అధ్యక్షుడు పసుపు కాగితాన్ని పైకి చదివి, మేస్త్రి మీద చర్య ఆపేస్తున్నామన్నాడు. ఇంజనీరు విషయం భోజనాల తర్వాత చెబుతామన్నాడు.

"ఆరు నెలలు," అన్నాడు వకీలు, బయట మెట్ల మీద. "మహా అయితే ఆరు నెలలు సస్పెన్షన్. తొందరలో జరిగిన పొరపాటు, ఇరవై రెండేళ్ళ మంచి పేరు, స్వయంగా తెచ్చి చూపించారు. దయచేసి ఇంక ఎవరితోనూ మాట్లాడకండి." ఆయన టీకి వెళ్ళాడు.

మేస్త్రి కింది మెట్టు మీద నిలబడి ఉన్నాడు. ఆవిడ దిగి వెళ్ళింది.

"నన్ను క్షమించు మేస్త్రీ. ఆ రోజు నలుగురిలో అలా అనకుండా ఉండాల్సింది."

"పోనీలెండమ్మా. కాగితం దొరికింది కదా."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఆవిడ ఊరుకునే రకం కాదు. "ఒకటి అడుగుతాను. ముప్పై నాలుగేళ్ళ అనుభవం నీది. బాల్కనీ కడ్డీలు పైన ఉండాలని నాకంటే బాగా తెలుసు. నేను పొరపాటున రాస్తే నువ్వైనా ఇదేంటని అడక్కపోయావా?"



"అడిగానమ్మా. కాగితం చేతికిచ్చాక రెండుసార్లు పిలిచాను. ఇలా అయితే అంచు దిగుతుంది, ఒక్కసారి పైకొచ్చి చూడండి అన్నాను. మీరు పుస్తకంలో పెట్టిన తల ఎత్తలేదు. 'రాసిచ్చాను కదా, మళ్ళీ ఏంటి' అన్నారు. ఇంక నేనేం చేస్తాను? రాసిన కాగితం ముందు మా మాట నిలబడుతుందా?"

"ఇది లోపల ఎందుకు చెప్పలేదు?"

"వాళ్ళు కాగితంలో ఉన్నదాని గురించే అడిగారమ్మా. ఇది కాగితంలో లేదుగా."

ఆవిడ మెట్టు మీద కూర్చుండిపోయింది. చట్టం ఆవిడకు వకీలు చెప్పనక్కర్లేదు. తెలియక చేసిన పొరపాటు ఒకటి. ఎదుటివాడు ప్రమాదమని చెప్పినా తల ఎత్తకపోవడం ఇంకొకటి, అది చాలా పెద్దది. పదిమంది కళ్ళకు కట్లతో కూర్చున్నది ఆ రెండోదాని మీద. దాన్ని చూసిన సాక్షి ఇతనొక్కడే. ఇతను ఎవరికీ చెప్పబోవడం లేదు.

"పద," అంది లేచి.

"ఎక్కడికమ్మా?"

"లోపలికి. నాకు చెప్పింది వాళ్ళకూ చెప్పు."

"ఎందుకమ్మా, అయిపోయింది కదా. నాకేం కాలేదు. మీకూ ఆరు నెలలే అంటున్నారు."

"పద మేస్త్రీ."

భోజనాలు ముగించి నోళ్ళు తుడుచుకుంటున్న మండలి ముందు మేస్త్రి నిలబడి, తడబడుతూ, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. టీ గ్లాసుతో పరుగెత్తుకొచ్చిన వకీలు గుమ్మంలోనే తల పట్టుకున్నాడు. అధ్యక్షుడు పసుపు కాగితాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు.

"అతను మిమ్మల్ని పిలిచినట్టు ఇందులో ఎక్కడా లేదే. మీకు గుర్తుందా మేడం?"

"గుర్తులేదు."

"అయితే దీనికి ఆధారమేమిటి?"

"అతను చెబుతున్నాడు కదండీ," అంది ఆవిడ. "అది చాలు. రాసుకోండి."

ఆరు నెలలతో పోవలసింది రెండేళ్ళయింది.